మా రోజుల్లో రంగు చూసి వేడి చెప్పేవాళ్లం

ఇప్పటి సినిమాల్లో పగలేదో రాత్రేదో తెలియడం లేదు. హీరో బాధలో ఉంటే తెరంతా నీలం. పల్లెటూరైతే తెరంతా పసుపు. విలన్ ఇంట్లో అడుగుపెడితే చాలు, నలుపు. వీళ్లు ఏ దీపం వెలుగులో కూర్చున్నారు, కిటికీ ఏ పక్కనుంది, పొద్దు ఎక్కడిదాకా వచ్చింది అని అడిగితే చెప్పేవాడు లేడు. మా మనవరాలు ఫోన్లో వీడియో తీస్తుంది. తీసేశాక ఒక వరస రంగుల మీద వేలు జరుపుతూ, "తాతయ్యా, దీనికి ఏ మూడ్ పెట్టమంటావు?" అని అడుగుతుంది. చిన్నపిల్ల, దాని తప్పేముంది? కోట్లు పోసి సినిమా తీసేవాళ్లు చేస్తున్నదీ అదే. ముందు తీసేసి ఆనక మూడ్ పెడుతున్నారు. మా రోజుల్లో అది కెమెరా తిరగకముందే తేలిపోవాలి. తేలకపోతే ఫిలిం దండగ.

సినిమా చదువు చదివి ఈ మాట అనడం లేదు. జంషెడ్‌పూర్‌లో ఉక్కు కరిగించే షాపులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాన్న తరం వాళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి రైలెక్కి వచ్చి ఇక్కడ పనిలో కుదురుకున్నారు. ఊళ్లో చుట్టాలు ఇప్పటికీ "టాటా నుంచి ఎప్పుడొచ్చారు?" అనే అడుగుతారు. 1912లో మొదటి ఉక్కు పోసిన ఊరిది. ఇక్కడ ఫర్నేస్ ముందు నిలబడ్డవాడికి వెలుగుని చూడడం ముచ్చట కోసం కాదు, ప్రాణం కోసం.

ఓపెన్ హార్త్ ఫర్నేస్ తలుపు కన్నంలోంచి నీలం అద్దం పెట్టుకుని చూసేవాళ్లం. ఉత్తి కంటితో చూస్తే తెల్లటి మంట తప్ప ఇంకేమీ కనబడదు. నీలం అద్దం ఆ మంటని తగ్గించి లోపలున్నది చూపించేది. మీద తేలే మడ్డి, అదే స్లాగ్, ఎలా ఉడుకుతోంది, ఎంత పలచబడింది, పైకప్పు ఇటుకలు ఎలా ఉన్నాయి, అన్నీ దాంట్లోనే చూడాలి. సిలికా ఇటుకలు నిగనిగలాడి కారడం మొదలెట్టాయంటే వేడి హద్దు దాటిందని లెక్క. వేడి కొలిచే పరికరాలు లేకపోలేదు. అయినా పాత మెల్టరు ముందు అద్దం తీసేవాడు, ఆ తర్వాతే మీటరు వైపు చూసేవాడు. చల్లారే దిమ్మె ముందు తెల్లగా, తర్వాత పసుపుగా, నారింజగా, ఎర్రగా, ఆఖరికి ముదురెరుపుగా మారుతుంది. ఆ ముదురెరుపులో కూడా ఆరేడు వందల డిగ్రీలుంటాయి. పూర్తిగా నల్లబడ్డాక ముట్టుకున్నా చెయ్యి కాలిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొట్టమొదట చెప్పే మాట అదే: నలుపుని నమ్మొద్దు.

కెమెరా వాళ్లు కూడా వెలుగు రంగుని డిగ్రీల్లోనే చెబుతారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. దీపపు వత్తి వెలుగు సుమారు 1900 కెల్విన్. స్టూడియోలో వాడే బల్బు 3200. మధ్యాహ్నపు వెలుగు 5600 దరిదాపుల్లో. ఇనుము ఎంత వేడెక్కితే ఎరుపు దాటి తెలుపువైపు అంత జరుగుతుంది, వాళ్ల లెక్కా అదే. మా లేడిల్లో, అంటే కరిగిన ఉక్కు పట్టే పెద్ద కుండలో, పోసే ఉక్కు 1600 సెంటిగ్రేడు, అంటే 1870 కెల్విన్ పైచిలుకు. దేవుడి గదిలో దీపం వెలుగూ, లేడిల్లో ఉక్కు వెలుగూ ఇంచుమించు ఒకే రంగన్నమాట. రాత్రి సి షిఫ్టులో ట్యాపింగ్ చేసి ఉక్కు వదులుతుంటే మసి మొహాలన్నీ గుళ్లో హారతి ముందు నిలబడ్డవాళ్ల మొహాల్లా ఎందుకుండేవో అప్పుడు బోధపడింది. రాత్రిళ్లు కరిగిన స్లాగ్ ఒంపినప్పుడల్లా ఊరి మీద ఆకాశం ఎర్రగా వెలిగి మెల్లిమెల్లిగా ఆరిపోయేది. సోనారిలో, కద్మాలో డాబాల మీద పడుకున్నవాళ్లకి ఆ ఎరుపు కింద నిద్రపోవడం అలవాటే. ఇలాంటి ఊళ్లో పెరిగిన కళ్లకి తెరమీద దిక్కులేని వెలుగు పడితే ఇట్టే తెలిసిపోతుంది.

"మాయాబజార్ వెన్నెల మాత్రం నిజం వెన్నెలా, అదీ లైట్లతో చేసిందేగా" అని మా అల్లుడు వాదిస్తాడు. చేసిందే. 1957లో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే చేసిన వెన్నెల అది. కానీ చంద్రుడు ఏ వైపున్నాడో, నీళ్ల మీద మెరుపు ఎటు పరుచుకోవాలో, సావిత్రి చెంప మీద ఎంత పడి ఎక్కడ ఆగాలో ఆయన ముందే తేల్చుకున్నారు. పడవ పాటలో మొదట కుర్ర జంట ఉంటుంది. ఆ తర్వాత పెద్దవాళ్లు కూడా అదే నీళ్లలోకి, అదే వెలుగులోకి వచ్చేస్తారు. ఆ వెన్నెల కింద పెద్దరికం కాసేపు పక్కకి పోతుంది. ఎవరూ ఆ మాట నోటితో చెప్పరు, వెలుగు చెబుతుంది. మాధవపెద్ది గోఖలే, కళాధర్ వేసిన సెట్లు కూడా ఈ వెన్నెలని నమ్మించడానికి ఎంత పనిచేశాయో ఎవరూ తలుచుకోరు, అది నాకు బాధ.

దేవదాసు (1953) చూడండి. బి.ఎస్.రంగా కెమెరా. నాగేశ్వరరావు గారి కళ్లకి తాగుబోతు బరువు రావాలని ఆ సన్నివేశాలు రాత్రిళ్లే తీశారని ఆయనే చెప్పేవారు. నిద్ర కాచిన కళ్లు అవి. ఇప్పుడైతే పగలే తీసి, కంప్యూటర్లో కళ్ల కింద నీడ దిద్దుతారు. దిద్దిన నీడ చర్మం మీదే ఆగిపోతుంది, చూపులోకి దిగదు.

అప్పటివాళ్లు మనకన్నా తెలివైనవాళ్లని కాదు, వాళ్లకి గత్యంతరం లేదు. 35 ఎంఎం ఫిలిం 1000 అడుగుల చుట్ట 11 నిమిషాల్లో అయిపోతుంది. ముడి ఫిలిం విదేశం నుంచి రావాలి, దానికి ఖర్చు. అందుకని రిహార్సల్ అయ్యేది, లైటు ఎక్కడ పెట్టాలో నేల మీద సుద్దముక్కతో గీసుకునేవాళ్లు, అప్పుడు గానీ కెమెరా బటన్ నొక్కేవాళ్లు కాదు. డబ్బు లేనిచోట బుర్ర ఇంకా బాగా పనిచేసింది. అపరాజితో (1956) కోసం కాశీ ఇంటిని కలకత్తా స్టూడియోలో కట్టారు, కళ బన్సీ చంద్రగుప్త. నడిమి ముంగిలి ఉన్న ఇంట్లోకి ఆకాశంలోంచి వెలుగు నీడ పడకుండా మెత్తగా దిగుతుంది. స్టూడియో లైట్లు సూటిగా కొడితే నాలుగు వైపులా నాలుగు నీడలొస్తాయి. కెమెరామన్ సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్లగుడ్డ కట్టించి, లైట్లు దానిమీదికి కొట్టి, తిరిగొచ్చిన వెలుగుతో తీశాడు. ఆ ముంగిట్లో కథలోని హరిహరుడి కుటుంబం ఎంత ఇరుకులో, ఎంత కష్టంలో ఉందో ఆ గుడ్డ చెప్పింది. ఇంతా చేసి అది ఒక గుడ్డ!

మా ఊళ్లో హాళ్లకి లోటుండేది కాదు. సాక్చిలో బసంత్, బిష్టుపూర్‌లో రీగల్, నటరాజ్, మాంగోలో పాయల్. ఆదివారం పొద్దుటి ఆటకి తెలుగు సినిమా వస్తోందంటే బర్మామైన్స్ నుంచీ, గోల్‌మురి నుంచీ సైకిళ్ల మీద జనం దిగేవాళ్లు. ప్రొజెక్టర్ గదిలో రెండు కార్బన్ కడ్డీల కొసలు దగ్గరగా పెట్టి కరెంటు పంపితే మధ్యలో తెల్లటి వెలుగు పుట్టేది. ఆర్క్ ఫర్నేస్‌లో ఉక్కు కరిగించేదీ ఇదే పద్ధతి. కడ్డీలు కాలి అరిగేకొద్దీ ఆపరేటరు వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. కాస్త ఏమరితే తెర మసకబారేది, హాలంతా కేకలు. రీలు మారే ముందు తెర పైన కుడి మూల చుక్క పడేది, అది చూసి రెండో మిషను అందుకునేవాడు. తెరమీది వెలుగుకి ఒక మనిషి కాపలా ఉండేవాడు. ఇప్పుడు బిష్టుపూర్ మాల్‌లో తెర మసగ్గా ఉందని చెబుదామంటే చెప్పడానికి ఆ గదిలో మనిషే ఉండడు.

ముత్యాలముగ్గు (1975) మాట చెప్పకుండా నేను ఊరుకోలేను. బాపు గీతకి ఇషాన్ ఆర్య కెమెరా. అంతకుముందు ఆయన గరమ్ హవా తీశారు. ముత్యాలముగ్గుకి జాతీయ అవార్డు వచ్చింది. అందులో రావుగోపాలరావు కాంట్రాక్టరు పొద్దున్నే సూర్యోదయం చూస్తాడు. ఎదురుగా ఎర్రటి సూర్యుడు. మనకి అది భూపాల రాగం వినిపించే వేళ, వాడికి ఆ ఎరుపులో హత్య కనబడుతుంది. ఎరుపు ఒక్కటే, చూసే కన్ను ఎవరిదన్న దాన్నిబట్టి అర్థం తిరగబడింది. ఆకాశాన్ని మార్చలేదు, రంగు పులమలేదు, నిజం సూర్యుడి ముందు ఒక దుర్మార్గుణ్ణి నిలబెట్టారు. మొదటిసారి చూసినప్పుడు మా స్లాగ్ ఎరుపు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ఆ ఎరుపు కింద మేం హాయిగా నిద్రపోయేవాళ్లం. ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం ఏదో తగలబడుతోందని లేచి కూర్చునేవాళ్లు.

ఊళ్లో సెల్యులాయిడ్ చాప్టర్ అని ఫిలిం సొసైటీ ఉంది. బెంగాలీ మిత్రుల పుణ్యమా అని దర్శకుడు ఘటక్ సినిమాలు అలా చూశాను. సువర్ణరేఖ మా నది. ఖర్కాయి వచ్చి దాంట్లో కలిసే దోముహాని సోనారి పక్కనే. ఘటక్ ఆ నది పేరే సినిమాకి పెట్టుకున్నాడు (1965లో విడుదల). యుద్ధకాలంలో కట్టి వదిలేసిన విమానాల రన్‌వే మీద సీత అనే చిన్నపిల్ల ఆడుకుంటూ పోతుంది. పగుళ్లిచ్చిన సిమెంటు, చుట్టూ ఏమీ లేని మైదానం, పైన బోలెడంత ఆకాశం. ఉన్నట్టుండి ఎదురుగా కాళికాదేవి! నాలుక బయటపెట్టిన పగటివేషగాడు. పిల్ల హడలిపోతుంది. విభజనలో ఊరు పోగొట్టుకుని వచ్చిన కుటుంబం ఆ పిల్లది. దాని బతుకు ముందుముందు ఏమవుతుందో ఆ ఖాళీ రన్‌వే, ఆ వేషం అప్పుడే చెప్పేశాయి. కెమెరా అంత వెడల్పుగా చూపించకపోతే, పిల్ల అంత చిన్నగా కనబడకపోతే అది మామూలు దడిపింపు అయ్యేది.

మా కార్ఖానాని కూడా ఒకప్పుడు గొప్ప కళ్లు చూశాయి. 1950ల్లో హరిసాధన్ దాస్‌గుప్తా టాటా స్టీల్ మీద డాక్యుమెంటరీ తీశారు. స్క్రిప్టు సత్యజిత్ రాయ్, సంగీతం రవిశంకర్, కెమెరా క్లాడ్ రెన్వార్. ఈ రెన్వార్, చిత్రకారుడు ఆగస్ట్ రెన్వార్ మనవడు. బెంగాల్‌లో 'ది రివర్' (1951) టెక్నికలర్‌లో తీసినది ఆయనే. ఆ షూటింగ్ పక్కన నిలబడి చూసే సుబ్రత మిత్ర పని నేర్చుకున్నాడు. అంతటి వాళ్లు మా ఫర్నేస్ వెలుగుని తీయదగ్గదిగా భావించారు. ఆ సంగతి ఈ ఊళ్లో ఎంతమంది పిల్లలకి తెలుసు?

మరి ఇప్పుడో? దిల్ బేచారా (2020) కథ జంషెడ్‌పూర్‌లోనే జరుగుతుంది, ఇక్కడే తీశారు కూడా. ఊరంతా ఎగబడి చూసింది, నేనూ చూశాను. ఊరు ముద్దుగా ఉంది. కానీ ఆ వెలుగు ఏ ఊరిదైనా కావచ్చు. చావు దగ్గర పడ్డ ఇద్దరు పిల్లల కథ. రాత్రిళ్లు ఆకాశం ఎర్రబడి ఆరిపోయే ఊరు. ఆ రెండింటినీ కలపాలన్న ఆలోచన తెరమీద నాకు కనబడలేదు. ఎదురుగా ఉన్న ఆకాశాన్ని వదిలేశారు, నా బాధ అదే.

కంప్యూటర్లో రంగు దిద్దడం 2000 ప్రాంతంలో హాలీవుడ్‌లో మొదలైంది. కోయెన్ సోదరుల సినిమా ఒకదానికి కెమెరామన్ రోజర్ డీకిన్స్ పచ్చటి పొలాలని ఎండిన బంగారు రంగుకి మార్చాడు. కరువు కాలపు కథకి అది కావాలి, పని ముగించి ఊరుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్లకి అది సోకుగా మారింది. మొహాలు నారింజ, మిగతాదంతా నీలం. ఆ తర్వాత నలుపు వచ్చింది. సలార్ (2023) చూస్తుంటే బొగ్గు గనిలో కూర్చున్నట్టే ఉంది. నల్లగా ఉంటే బరువు వస్తుందని ఎవరు చెప్పారు? నేను మసిలో బతికినవాణ్ణి. మసి ఉన్నచోట వెలుగు ఎంత పదునుగా ఉంటుందో, చెమట పట్టిన మెడ మీద ఎలా మెరుస్తుందో నాకు తెలుసు. ఆ మెరుపు లేని నలుపు చూస్తే బల్బు మాడిపోయిందేమో అనిపిస్తుంది. పైగా షాటు మూడు లెక్కపెట్టేలోపు మారిపోతుంది. బొమ్మలో ఏముందో కన్ను వెతుక్కునేలోపే ఇంకో బొమ్మ. ఇక వెలుగు ఏం చెప్పినా వినేదెవరు?

ఆర్ఆర్ఆర్‌లో ఒకడు నిప్పు, ఒకడు నీరు అని తెరమీద పేర్లు వేసి మరీ చెప్పారు. ఇంటర్వెల్ ముందు రాత్రి సన్నివేశం సెంథిల్ కుమార్ ఎంత బాగా తీశాడు! నిప్పూ నీళ్లూ ఎదురెదురుగా వచ్చి కొట్టుకున్నాయి. అది చూశాక ఆ పేర్లు దేనికి? ప్రేక్షకుడికి కళ్లున్నాయని నమ్మొద్దా?

నమ్మినవాళ్లు ఇప్పుడూ ఉన్నారు, అది చెప్పకపోతే పాపం. ఇంతియాజ్ అలీ మా ఊరివాడే, సినిమా హాలు పక్కనింట్లో పెరిగినవాడు. హైవే (2014)లో దొంగలు ఎత్తుకొచ్చిన అమ్మాయి రాత్రి తప్పించుకుని పరుగెడుతుంది. ఎటు చూసినా అంతులేని ఖాళీ నేల. గోడ లేదు, తాడు లేదు, అయినా వెళ్లడానికి చోటు లేదు. పరుగెత్తి పరుగెత్తి వెనక్కే వచ్చేస్తుంది. అనిల్ మెహతా కెమెరా ఆమెని ఆ చీకట్లో ఒంటరిగా వదిలేసింది, మనం ఆ ఖాళీని చూసేదాకా ఆగింది. సువర్ణరేఖ రన్‌వే మీద పిల్లకీ ఈ అమ్మాయికీ నడుమ ఏభై ఏళ్ల దూరం ఉంది గానీ, బొమ్మ తీసేవాడి ఓపిక మాత్రం ఒక్కటే.

ఇక ఇళ్లలో సంగతి. మాయాబజార్‌కి 2010లో రంగులు వేసి విడుదల చేశారు. ఎంతో కష్టపడ్డారు, కాదనను. కానీ బార్ట్‌లే ఆ వెన్నెలని నలుపు తెలుపుల మధ్య ఉన్న వంద బూడిద రంగులతో కట్టాడు. దానిమీద చీరకి ఒక రంగు, నీళ్లకి ఒక రంగు వేస్తే కన్ను చీర దగ్గరికి పోతుంది, వెన్నెలని వదిలేస్తుంది. కొత్త టీవీల్లో ఇంకో గోల. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాకి మధ్యలో లేని ఫ్రేములు టీవీయే పుట్టించి బొమ్మని నున్నగా జారిస్తుంది. దేవదాసు నడక టీవీ సీరియల్ నడకలా మారిపోతుంది. మా ఇంట్లో ఆ సెట్టింగు తీయించేశాను.

మొన్న ఊళ్లో ఒకచోట తెలుగువాళ్లందరం చేరి మాయాబజార్ వేసుకున్నాం. రంగుల ప్రతి. హాల్లో ట్యూబులైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఇంచుమించు చతురస్రంగా ఉండే బొమ్మని వెడల్పు తెర నిండాలని అడ్డంగా సాగదీశారు. రంగారావు గారు సరే, సన్నటి సావిత్రి కూడా ఉబ్బిపోయింది. పెద్దవాళ్లం మాటలు వింటూ నవ్వుకున్నాం, మాకు పింగళి వారి మాటలు కంఠతా వచ్చు. కానీ వెనక వరసల్లో ఉన్న పిల్లలు మూడో తరం, నాలుగో తరం వాళ్లు. ఇంట్లో హిందీ, బడిలో ఇంగ్లీషు. పింగళి మాటల్లో సగం వాళ్లకి అందవు. వాళ్లకి అందేది బొమ్మ ఒక్కటే. ఘటోత్కచుడి నీడ, ఆ విందులో లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి పోవడం, పడవ చుట్టూ మెరిసే నీళ్లు, వీటికి తెలుగు రానక్కర్లేదు. ఆ బొమ్మనే పాడుచేసి చూపిస్తే ఆ పిల్లలకి మిగిలేదేమిటి? పావుగంటలో ఫోన్లు తీశారు. నేను వాళ్లని తప్పుపట్టను.

ఉగాదికి మళ్లీ వేస్తామని అంటున్నారు. ముందే చెబుతున్నాను. నలుపు తెలుపు ప్రతి తెప్పించండి. కిటికీలకి దుప్పట్లు కట్టండి, లైట్లన్నీ ఆర్పండి. టిఫిన్లు సినిమా అయ్యాకే పెట్టండి. బొమ్మకి రెండు పక్కలా నల్లపట్టీలు వస్తే రానివ్వండి, వాటిని చూసి ఎవరూ కంగారుపడక్కర్లేదు. ప్రొజెక్టర్లో ఆ కొలత పెట్టడం ఎవరికీ చేతకాకపోతే గంట ముందు నాకు ఫోన్ చేయండి, వచ్చి నేనే సరిచేస్తాను. పిల్లల్ని మాత్రం ముందు వరసల్లో కూర్చోబెట్టండి.